బెట్టింగ్ మానుతున్నవారికి ఆన్‌లైన్ సహాయక బృందాలు పనికొస్తాయా?

ప్రశ్న: నా వయసు 33. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం. లాక్‌డౌన్ రోజుల్లో ఫోన్‌లో రమ్మీతో మొదలుపెట్టి, తర్వాత క్రికెట్ బెట్టింగ్‌లోకి దిగి, నాలుగేళ్లలో సుమారు 16 లక్షలు పోగొట్టుకున్నాను. లోన్ యాప్‌ల బాకీలు, స్నేహితుల దగ్గర చేబదుళ్లు కలిపి ఇంకా ఏడు లక్షలు తీర్చాలి. ఊళ్లో నాన్నగారు అరెకరం అమ్మి కొంత కట్టారు. ఐదు నెలలుగా ఆడడం లేదు. మూడు వారాల క్రితం మాత్రం ఒక రాత్రి రెండు వేలు పెట్టి పోగొట్టుకున్నాను, ఆ సంగతి నా భార్యకు చెప్పలేదు. ఒకటి రెండుసార్లు బతకడం దేనికని కూడా అనిపించింది. జూదం మానినవారు ఒకరికొకరు తోడుగా నిలిచే ఆన్‌లైన్ బృందాల్లో చేరమని ఆమె అంటోంది. ముక్కూ మొహం తెలియనివాళ్ల ముందు పరువు తీసుకోవడం ఎందుకని నాకు సంకోచంగా ఉంది. నా పేరు బయటికి పొక్కదా? వాళ్ల కథలు వింటే మళ్లీ ఆడాలనిపించదా? తెలుగులో అలాంటివి ఉన్నాయా? డాక్టరు దగ్గరకు వెళ్లకుండా దీంతోనే సరిపోతుందా? చేరితే ఎంతకాలం ఉండాలి?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకుడు

సమాధానం: మీరు అడిగిన ప్రశ్నలకంటే ముందు, ప్రశ్నగా అడగకుండా మధ్యలో రాసి వదిలేసిన ఒక మాట గురించి చెప్పాలి. బతకడం దేనికనిపించిందని రాశారు. అప్పుల్లో కూరుకుపోయిన జూద వ్యసనపరులకు ఈ ఆలోచన రావడం అరుదు కాదు, వచ్చినంత మాత్రాన మీరు పిరికివారూ కారు. కానీ ఆ ఆలోచన మళ్లీ వచ్చిన రాత్రి ఏ ఆన్‌లైన్ బృందంలోనూ సందేశం పెట్టి జవాబు కోసం ఎదురుచూడవద్దు. ఇంట్లో ఉన్న మీ భార్యను లేపండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య సహాయ నంబరు. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఖర్చేమీ లేదు, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ పేరా చదవడం పూర్తికాగానే ఆ నంబరును మీ ఫోన్‌లోనూ, ఆమె ఫోన్‌లోనూ భద్రపరచండి. తోటివారి బృందం చాలా మేలు చేస్తుంది, కానీ ప్రాణాపాయం ఉన్న ఘడియకు అది సరైన చోటు కాదు.

ఇక మీ అసలు ప్రశ్నకు నా జవాబు, చేరండి. అయితే దేనికోసం చేరుతున్నారో ముందే తెలిసి ఉండాలి. సలహాల కోసమైతే అక్కర్లేదు. యాప్‌లు తీసేయాలనీ, డబ్బు చేతిలో ఉంచుకోకూడదనీ, అప్పులు దాచకూడదనీ మీకు ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. మీకు లేనిదల్లా, ఆడాలనిపించిన ఆ పావుగంటలో ఉన్నది ఉన్నట్టు చెప్పుకునే చోటు. మిగతా వ్యసనాలకంటే జూదం గుట్టు మీద ఎక్కువగా బతుకుతుంది. తాగి ఇంటికొచ్చినవాణ్ణి వాసన పట్టిస్తుంది. బెట్టింగ్ ఆడేవాడు భార్యాబిడ్డల పక్కనే పడుకుని, వెలుతురు తగ్గించిన ఫోన్‌లో నెల జీతం పోగొట్టి, బ్యాంకు నుంచి వచ్చిన డెబిట్ మెసేజ్ చెరిపేసి, పొద్దున్నే లేచి మామూలుగా టిఫిన్ తిని ఆఫీసుకు వెళ్లగలడు. మీరు నాలుగేళ్లు అలాగే గడిపి ఉంటారు. ఆ గుట్టును ఛేదించడమే ఈ బృందాల అసలు పని, వాటి మంచిచెడులను కూడా ఆ ఒక్క కొలతతోనే కొలవాలని నా అభిప్రాయం.

భార్యకు చెప్పుకుంటే చాలదా అని మీరు అడగవచ్చు. ఆమెకు చెప్పాలి, ఆ సంగతి కింద రాస్తాను. కానీ మీ ఆట వల్ల ఆమె కూడా నష్టపోయింది. ఇవాళ ఆడాలనిపించిందని మీరు అన్న ప్రతిసారీ ఆమెకు గుండె జారిపోతుంది, ఆ భయం చూడలేక మీరు మరుసటిసారి చెప్పడం మానేస్తారు. నాన్నగారికి చెబితే ఇద్దరికీ అరెకరమే గుర్తొస్తుంది. ఎన్నడూ ఆడని స్నేహితుడు, పోతుందని తెలిసీ ఎలా పెట్టావని నిలదీస్తాడు. మీలాగే ఆడి మానినవాడు ఆ ప్రశ్న వేయడు. పోయింది రాబట్టుకుని ఇక మానేద్దామనుకున్నావు కదూ అంటాడు. మీ నాలుగేళ్ల చరిత్ర ఆ ఒక్క మాటలో ఉంది. దాన్ని అంత సులువుగా అనగలిగినవాడి ముందు కథలు అల్లడం కష్టం, అల్లవలసిన అవసరమూ ఉండదు.

ఇదంతా పరాయి దేశాల పద్ధతి, మనకు నప్పదని అనేవారు ఉన్నారు. పాచికల్లో సర్వస్వం పోగొట్టుకుని అడవిలో ఉన్న ధర్మరాజు, నాకంటే దురదృష్టవంతుడు లోకంలో ఉన్నాడా అని బృహదశ్వ మహర్షిని అడిగిన సందర్భాన్ని వారికి గుర్తుచేయాలనిపిస్తుంది. అర్జునుడు తప్ప తమ్ముళ్లందరూ ఆయన పక్కనే ఉన్నారు, ద్రౌపది ఉంది, ధర్మం బోధించడానికి మునులకు కొదవలేదు. అయినా బృహదశ్వుడు నీతులు చెప్పకుండా, అదే పాచికల్లో రాజ్యం పోగొట్టుకుని కట్టుబట్టతో అడవి పాలైన నలుడి కథ వినిపించాడు. తనలాగే పడినవాడు మరొకడున్నాడని తెలియడమే ధర్మరాజుకు ఆ పూట కావలసిన ఊరట. ఆ కథ చివర నలుడు మళ్లీ పాచికలాడే రాజ్యం దక్కించుకుంటాడు కాబట్టి, మీరు దాని ముగింపును మాత్రం దారిగా తీసుకోకండి. ఒక్కసారి ఆడి అంతా రాబట్టుకుందామన్న ఆశే మిమ్మల్ని ఇంతదూరం తెచ్చింది.

బృందంలో నిజంగా ఏం జరుగుతుందో తెలిస్తే పరువు గురించి మీ సంకోచం కొంత తగ్గుతుంది. వీటిలో పాతదీ, అన్నిటికంటే విస్తృతమైనదీ గాంబ్లర్స్ అనానిమస్. మద్యం మానినవారి సంఘాన్ని అనుసరించి 1957లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైంది, ఇప్పుడు మన దేశంలోనూ దాని సమావేశాలు జరుగుతున్నాయి. కోవిడ్ కాలం నుంచి వీడియోలోనూ, ఫోన్‌లోనూ జరిగే సమావేశాలు బాగా పెరిగాయి. చేరడానికి రుసుము లేదు, ఆడడం మానాలన్న కోరిక ఒక్కటే అర్హత. ఇంటిపేరు, ఉద్యోగం, ఊరు చెప్పనక్కర్లేదు. చాలాచోట్ల కెమెరా ఆపుకోనిస్తారు. ముందు ఒకరు పసుపు అట్ట ఉన్న చిన్న పుస్తకం నుంచి కొన్ని భాగాలు చదువుతారు. తర్వాత ఒక్కొక్కరూ కొన్ని నిమిషాలు తమ గురించే మాట్లాడతారు, మధ్యలో ఎవరూ అడ్డు తగలరు, తీర్పు చెప్పరు. మొదటిసారి మీరు ఒక్క ముక్క మాట్లాడకుండా వినవచ్చు.

కొత్తగా వచ్చినవారిని వారు ఇరవై ప్రశ్నలు అడుగుతారు. జూద వ్యసనం ఉన్నవారిలో చాలామంది వాటిలో కనీసం ఏడింటికి అవునని జవాబిస్తారని ఆ సంఘం చెబుతుంది. పోగొట్టుకున్న వెంటనే వెళ్లి రాబట్టుకోవాలనిపించిందా అన్నది ఒక ప్రశ్న. ఆట కోసం పక్కన పెట్టుకున్న సొమ్మును ఇంటి ఖర్చులకు వాడడానికి మనసు ఒప్పలేదా అన్నది మరొకటి. రెండో ప్రశ్నను మీరు ఒకసారి నెమ్మదిగా ఆలోచించండి. పిల్లల ఫీజుకు లేదన్న డబ్బు టాస్ సమయానికి ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని ఇళ్లు తెలుగునాట చాలా ఉన్నాయి. అలాంటి ప్రశ్నను పదిమంది కలిసి, ఎవరినీ వేలెత్తి చూపకుండా వేసుకున్నప్పుడు మనసు తేలికపడుతుందని అక్కడికి వెళ్లినవారు చెబుతారు.

ఆ సంఘం పన్నెండు మెట్ల పద్ధతిలో మనకంటే ఉన్నతమైన ఒక శక్తిని ఆశ్రయించడం ఒక భాగం. అది ఫలానా దేవుడే కావాలని నియమం లేదు, కానీ ఆ భాష మీకు రుచించకపోతే స్మార్ట్ రికవరీ అనే మరో సంస్థ ఉంది. 1994లో అమెరికాలో మొదలైన ఆ సంస్థ దైవం ప్రస్తావన లేకుండా, ఆలోచనలను మార్చుకునే మనస్తత్వ శాస్త్ర పద్ధతులను నేర్పుతుంది. దాని ఆన్‌లైన్ సమావేశాల్లో అన్ని రకాల వ్యసనాలవారూ కలిసి కూర్చుంటారు. కోరిక ఎప్పుడు పుట్టింది, ఎంత బలంగా ఉంది, ఎంతసేపు నిలిచింది అని రాసుకోమంటారు, ఈ అలవాటు మీకు ఎక్కడున్నా ఉపయోగపడుతుంది. ఇంకా, బ్రిటన్‌లో జూద వ్యసనపరుల కోసం పనిచేసే గోర్డన్ మూడీ అనే స్వచ్ఛంద సంస్థ, గాంబ్లింగ్ థెరపీ పేరుతో ఏ దేశంవారైనా ఉచితంగా వాడుకోగల ఆన్‌లైన్ సహాయం నడుపుతోంది. ఇక్కడ మనకు ఒక వెసులుబాటు ఉంది. బ్రిటన్‌లో సాయంత్రం ఏడైతే మనకు అర్ధరాత్రికి అటూ ఇటూ అవుతుంది. అమెరికావారి సాయంత్రం సమావేశాలు మన ఉదయం పడతాయి. ఇల్లు నిద్రపోయాక ఫోన్ చేతిలోకి తీసుకునే వేళే మీకు గండమైతే, ఆ వేళకు మెలకువగా ఉండి మాట్లాడే మనుషులు ప్రపంచంలో ఎక్కడో ఒకచోట ఉంటారు. మన ఊళ్లో వారానికి ఒకసారి జరిగే సమావేశం ఈ పని చేయలేదు. ఆన్‌లైన్ బృందాలకున్న అతి పెద్ద బలం ఇదేనని నేను అనుకుంటాను.

పేరు బయటికి పొక్కడం గురించి మీ భయం నిరాధారం కాదు. ముఖాముఖి సమావేశంలో మాట గాలిలో కలిసిపోతుంది, ఆన్‌లైన్‌లో రాసింది స్క్రీన్‌షాట్‌గా మిగిలిపోగలదు. అందువల్ల రాతకంటే మాటతో నడిచే సమావేశాలను ఎంచుకోండి. వాట్సాప్ గ్రూపుల్లో మీ నంబరు సాధారణంగా సభ్యులందరికీ కనిపిస్తుంది కాబట్టి వాటికి దూరంగా ఉండండి. విడిగా ఒక ఈమెయిల్ తెరిచి, మారుపేరుతో, ఫొటో లేకుండా చేరండి. సమావేశాన్ని రికార్డు చేయకూడదన్న నియమం ఉందో లేదో ముందే అడగండి. సంస్థ పేరు, బుకీ పేరు, బెట్టింగ్ ఐడీ ఇచ్చినవారి వివరాలు, తేదీలు ఎక్కడా రాయకండి. ఇందులో చట్టానికి సంబంధించిన కోణం కూడా ఉంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నడిపేవారినీ, ప్రచారం చేసేవారినీ శిక్షిస్తుంది, ఆడేవారిని బాధితులుగానే చూస్తామని కేంద్రం చెప్పింది. కానీ మన రెండు రాష్ట్రాల గేమింగ్ చట్టాలు ఆన్‌లైన్ ఆటలకు కూడా వర్తించేలా తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో సవరణ పొందాయి, వాటిలో ఆడేవారికీ శిక్ష ఉంది. మానసిక వైద్యుడికి చెప్పిన మాటలకు 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గోప్యత కల్పిస్తుంది. తోటి సభ్యుడికి చెప్పిన మాటకు నమ్మకం తప్ప అలాంటి చట్టరక్షణ లేదు. ఇది చదివి భయపడవద్దు. మీ మనసులో ఏం జరుగుతోందో చెప్పడానికి ఈ వివరాలేవీ అవసరం లేదు.

ఇతరుల కథలు వింటే ఆడాలనిపిస్తుందా అన్నారు. అనిపించవచ్చు. ఎవరైనా ఒకరు చివరి ఓవర్‌లో ఎలా గెలిచిందీ, మూడు వేలకు ఎనభై వేలు ఎలా వచ్చిందీ కళ్లకు కట్టినట్టు చెబితే, మానిన మనిషికి కూడా చేతులు చెమర్చుతాయి. పద్ధతిగా నడిచే బృందాలు గెలుపు కథలనూ, ఆటల పేర్లనూ, మొత్తాలనూ ప్రస్తావించవద్దంటాయి. ఎవరైనా దారి తప్పితే నిర్వాహకుడు మర్యాదగా ఆపుతాడు. మీరు చేరిన చోట అలా ఆపేవారు లేకపోతే, రెండు మూడు సమావేశాలు చూసి బయటికి రండి. సమావేశం ముగిశాక మీకు ఆడాలన్న తపన పెరిగిందా తగ్గిందా అని ప్రతిసారీ రాసుకుంటే, ఎక్కడ ఉండాలో మీకే తేలిపోతుంది.

వదిలిపెట్టడానికి ఒక్క నిమిషం కూడా ఆలోచించకూడని బృందాలు వేరే ఉన్నాయి. టెలిగ్రామ్‌లో బాధితులకు సాయం అన్న పేరుతో నడిచే కొన్ని గ్రూపుల్లో, పోయిన డబ్బు యాప్ నుంచి వెనక్కి ఇప్పిస్తామనీ, అందుకు ముందుగా కొంత ఫీజు కట్టాలనీ అంటారు. కొందరు అప్పులు ఇప్పిస్తామంటారు. ఇంకొందరు, తక్కువ మొత్తంతో నష్టం పూడ్చుకునే కచ్చితమైన టిప్పులు ఉన్నాయని విడిగా సందేశం పంపుతారు. అప్పుల్లో ఉండి ఆశతో ఎదురుచూస్తున్న మనిషి ఎక్కడ దొరుకుతాడో ఈ మోసగాళ్లకు బాగా తెలుసు. నిజమైన సహాయక బృందం డబ్బు అడగదు, ఇవ్వదు, సభ్యుల మధ్య అప్పులను ప్రోత్సహించదు. ఇప్పటికే ఎవరికైనా ఇలా డబ్బు కట్టి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల నంబరు 1930కి ఫోన్ చేయండి.

తెలుగు విషయానికి వస్తే, దాపరికం లేకుండా చెప్పాలి. జూద వ్యసనం కోసం ప్రత్యేకంగా, క్రమం తప్పకుండా తెలుగులో జరిగే ఆన్‌లైన్ సమావేశాన్ని మీకు ఇక్కడ పేరు పెట్టి చూపలేను. ఇంత నష్టం జరిగిన రెండు రాష్ట్రాలకు ఇది పెద్ద లోటు, నాకు బాధ కలిగించే లోటు కూడా. హైదరాబాద్‌లో ఉంటున్నారు కాబట్టి హిందీ సమావేశాల్లో మాట్లాడడం మీకు కష్టం కాకపోవచ్చు. ఇంగ్లిష్ సమావేశాల్లో వినవచ్చు. కానీ తప్పును ఒప్పుకునే మాట, ఏడుపుతో వచ్చే మాట సొంత భాషలోనే సరిగ్గా వస్తుంది. అందుకని సమావేశం అయ్యాక, తెలుగు మాట్లాడే సభ్యుడెవరైనా ఉంటే పరిచయం చేయమని నిర్వాహకుణ్ణి అడగండి. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న తెలుగువాడు కావచ్చు, అయితే ఏం, వారానికి రెండుసార్లు ఫోన్‌లో మాట్లాడుకోవడానికి దూరం అడ్డు కాదు. అనుభవమున్న సభ్యుడు కొత్తవాడికి అలా అండగా ఉండే పద్ధతి గాంబ్లర్స్ అనానిమస్‌లో ఉంది. మానసిక వైద్యుడికీ, కౌన్సెలర్‌కూ చెప్పుకోవలసినవి ఎలాగూ తెలుగులోనే చెప్పుకోవచ్చు.

ఆ మాట మీ తర్వాతి ప్రశ్నకు తీసుకొస్తుంది. బృందం ఒక్కటే సరిపోతుందని నేను అనను, పరిశోధనలూ అనవు. స్కాట్లాండ్‌లో గాంబ్లర్స్ అనానిమస్‌కు వచ్చినవారిని పరిశీలించి 1988లో ప్రచురించిన అధ్యయనంలో, ఏడాది పాటు పూర్తిగా ఆట మానగలిగినవారు నూటికి సుమారు ఎనిమిది మంది మాత్రమే. చాలామంది మొదటి కొన్ని సమావేశాలకే వచ్చి ఆగిపోయారు. మరోవైపు, అమెరికాలో నాన్సీ పెట్రీ బృందం 231 మంది మీద చేసి 2006లో ప్రచురించిన పరిశోధనలో, కేవలం ఆ సంఘానికి వెళ్లమని చెప్పి పంపినవారికంటే, దానితో పాటు ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే మనోచికిత్స అందుకున్నవారు మెరుగ్గా ఉన్నారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, చికిత్స ఒక చేత్తో, తోటివారి అండ మరో చేత్తో పట్టుకోవాలన్నదే నాకు అర్థమవుతున్న సారం.

జూద వ్యసనం స్వభావలోపం కాదు, వ్యాధిగా గుర్తింపు పొందిన స్థితి. అమెరికా మనోవైద్యులు 2013 నుంచీ దీన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలోనూ ఇది ఉంది. మీకు కుంగుబాటు కూడా ఉన్నట్టు మీ ఉత్తరం చెబుతోంది. దాన్ని వైద్యుడే చూడాలి, అవసరమనుకుంటే మందులు ఇస్తాడు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయంలో గానీ, ఏదైనా పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి మనోవైద్య విభాగంలో గానీ ఓపీలో చూపించుకోవచ్చు. బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోన్, ఇంటర్నెట్ సంబంధిత వ్యసనాల కోసం 2014 నుంచి షట్ క్లినిక్ పేరుతో ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. వైద్యుడికి మీరు ఏ బృందంలో ఉన్నారో చెప్పండి, బృందంలో వైద్యం చేయించుకుంటున్నానని చెప్పండి. మందులు మానేయమని బృందంలో ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు.

డబ్బు సంగతి కూడా బృందానికి సంబంధించినదే. గాంబ్లర్స్ అనానిమస్‌లో, కొంతకాలంగా వస్తున్న సభ్యుణ్ణీ అతని భార్యనూ అనుభవజ్ఞులైన సభ్యులతో కూర్చోబెట్టి, ఎవరికెంత బాకీ ఉందో పూర్తి జాబితా రాయించి, ఇంటి ఖర్చు పోగా నెలకు ఎవరికెంత ఇవ్వగలరో లెక్క వేయించే ఒక పద్ధతి ఉంది. మీరు ఏడు లక్షలని రాశారు. ఇందులో రాయనిది ఏమైనా ఉందా అని నిలదీయకుండా అడగగలిగేది అలాంటి చోటే. జాబితా రాసేముందు మీ పేరున ఉన్న అప్పుల వివరాలు చూపే క్రెడిట్ రిపోర్టు తెప్పించండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి, మీరు మరిచిపోయిన లోన్ యాప్‌లు అందులో బయటపడవచ్చు. జీతం మీ భార్య చూసుకునే ఖాతాలోకి మళ్లించండి, మీ ఫోన్‌లోంచి యూపీఐ తీసేయండి, దారి ఖర్చులకు నగదు తీసుకోండి. ఇది అవమానం కాదు, మానుతున్నవారు తమంతట తాము అడిగి చేయించుకునే ఏర్పాటు. బెట్టింగ్ సైట్లను తెరుచుకోనివ్వని గామ్‌బ్యాన్ వంటి యాప్‌ను కూడా పెట్టుకోండి, ఎందుకంటే చట్టం వచ్చినా విదేశాల నుంచి నడిచే సైట్ల ఐడీలు ఇచ్చేవారు పూర్తిగా మాయమైపోలేదు. అప్పు వసూలు చేసేవారు ఉదయం ఎనిమిదికి ముందూ, సాయంత్రం ఏడు తర్వాతా ఫోన్ చేసి వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టం చేసింది. రాత్రిపూట వచ్చే ఆ ఫోన్లే మిమ్మల్ని మళ్లీ ఆటవైపు తోస్తుంటే, ఫిర్యాదు చేసే హక్కు మీకు ఉంది.

ఇప్పుడు ఆ రెండు వేల సంగతి. ఐదు నెలల కష్టం ఒక్క రాత్రితో బూడిదైపోయిందని మీరు అనుకుంటున్నట్టున్నారు. అలా కాలేదు. మానే దారిలో ఒకటి రెండుసార్లు జారడం చాలామందికి జరుగుతుంది. గాంబ్లర్స్ అనానిమస్‌లో అలాంటప్పుడు మానిన తేదీని మళ్లీ మొదటినుంచి లెక్కిస్తారు, అది కొందరికి పట్టుదలనిస్తుంది, కొందరిని నీరుగారుస్తుంది. మీరు రెండో రకమైతే తేదీ లెక్కను పట్టించుకోకండి. నన్ను కలవరపెడుతున్నది పోయిన సొమ్ము కాదు, మూడు వారాలుగా దాస్తున్న సంగతి. మీరు చేరబోయే మొదటి సమావేశంలో చెప్పవలసిన మొదటి మాట అదే కావాలి. అక్కడ ఒకసారి నోరు పెగిలితే ఇంట్లో చెప్పడం సులువవుతుంది. కానీ అక్కడ చెప్పేశాను కదా అని ఇంట్లో దాచడం మొదలుపెడితే, బృందం మీకు మందు కావడానికి బదులు, గుట్టు దాచుకునే కొత్త చోటవుతుంది. అందుకని సమావేశం జరిగిన వారంలోపే మీ భార్యకు చెప్పండి. ఎంత పోయింది, ఏ రోజు, ఏ ఖాతా నుంచి, అప్పటికి మనసులో ఏముంది అన్నవన్నీ చెప్పండి. ఆమెకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని ఆపమనో, క్షమించమనో వెంటనే అడగవద్దు.

ఆమె గురించి మీ ఉత్తరంలో ఒకటి రెండు వాక్యాలే ఉన్నాయి. ఐదు నెలలుగా మీ ఫోన్ మోగినప్పుడల్లా ఉలిక్కిపడుతూ, చుట్టాల ముందు ఏమీ జరగనట్టు ఉంటూ, మీకోసం బృందాలను వెతికింది కూడా ఆమే. ఆమెకూ ఒక చోటు కావాలి. జూదరుల భార్యలు, తల్లిదండ్రులు, తోబుట్టువుల కోసం గామ్-అనాన్ అనే సంఘం విడిగా ఉంది, దాని సమావేశాలు కూడా ఆన్‌లైన్‌లో జరుగుతాయి. మీ సమావేశాల్లో ఆమె పక్కన కూర్చోవచ్చా అంటే, ఎవరైనా రావచ్చని ప్రకటించినవాటికి మాత్రమే రావచ్చు. మిగతావి ఆడినవారికే పరిమితం. తలుపు వేసుకుని ఎవరితో ఏం మాట్లాడుతున్నారోనన్న అనుమానం ఆమెకు రాకుండా, ఏ రోజు ఏ సమయానికి సమావేశమో ముందే చెప్పండి. లోపల ఇతరులు చెప్పుకున్నది చెప్పనక్కర్లేదు, మీరు చెప్పుకున్నది మీ ఇష్టం.

ఎంతకాలం ఉండాలన్న ప్రశ్నకు వైద్యుల లెక్క ఒకటుంది. పన్నెండు నెలలు లేదా అంతకుమించి వ్యసన లక్షణాలు లేకుంటే దాన్ని నిలకడైన ఉపశమనంగా పరిగణిస్తారు. తెలుగువారి ఏడాదికి ఆ లెక్క బాగా సరిపోతుందని నాకు అనిపిస్తుంది, ఎందుకంటే మన జూదానికి రుతువులున్నాయి. సంక్రాంతికి ఊరెళితే కోడిపందేల బరి, దాని పక్కనే పేకాట శిబిరం. వేసవిలో రెండు నెలలు రాత్రి ఏడింటికి టాస్, ఏడున్నరకు ఐపీఎల్ మ్యాచ్. దీపావళికి సరదాగా నాలుగు చేతులు వేద్దామనే బంధువులు. వీటన్నిటినీ ఒక్కసారైనా బృందం అండతో దాటేదాకా వదలవద్దు. మొదటి మూడు నెలలు వారానికి కనీసం రెండు సమావేశాలు పెట్టుకోండి, తర్వాత మీ స్థితిని బట్టి ఒకటికి తగ్గించుకోవచ్చు. ఏడాది దాటాక నెలకు రెండు చాలనిపిస్తే అలాగే చేయండి, కానీ ఐపీఎల్ మొదలవడానికి ముందు వారం నుంచి మళ్లీ వారానికి రెండుకు పెంచండి. ఒక బృందం నచ్చకపోతే ఈ పద్ధతే నాకు పడదని తేల్చేయకుండా, కనీసం మూడు వేర్వేరు బృందాలను చూడండి. మొదటి సమావేశానికి వెళ్లాక మీకు ఎలా అనిపించిందో, ఇంట్లో చెప్పాక ఏమైందో నాకు మళ్లీ రాయండి. కోరితే ప్రచురించకుండా విడిగా జవాబిస్తాను.